గాలి పీలిస్తే ఇటాలియన్

హైస్కూలు పిల్లల్ని ఏడాదిపాటు ఎక్స్ఛేంజ్ స్టూడెంట్లుగా ఇటలీ పంపిస్తామనే బ్రోషర్లన్నీ ఒకే పంతులు దగ్గర చదువుకున్నట్టుంటాయి. పదిహేడేళ్ల అమెరికా కుర్రాణ్ని తీసుకెళ్లి ఒక ఇటాలియన్ కుటుంబం చేతిలో పెడతారు. మొదటి నెలలో వాడికి భాష అర్థమైపోతుంది, మూడో నెలలో నోరు తిరుగుతుంది, క్రిస్మస్ నాటికి కలలు కూడా ఇటాలియన్‌లోనే వస్తాయి. ముందుగా ఒక్క ముక్క నేర్చుకోనక్కర్లేదు, వ్యాకరణం పుస్తకం పెట్టెలో బరువు దండగ. భాష అక్కడి గాలిలో ఉంటుంది, పీల్చుకోవడమే తరువాయి. ఏడాదంతా చెరువు గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పామని ఫీజు పుచ్చుకునేవాళ్లు ఇంకా బయల్దేరలేదు గానీ, దారి మాత్రం పడింది.

ఆ గాలికి నిజంగా అంత మహత్తే ఉంటే ముందు ఇటాలియన్లకే పట్టి ఉండాలి. 1861లో దేశం ఒక్కటయ్యేనాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు నూటికి రెండున్నర మందేనని భాషాశాస్త్రవేత్త తుల్లియో దె మౌరో లెక్కగట్టాడు. లెక్క మరీ తక్కువైందని వాదించినవాళ్లు కూడా పది శాతం దగ్గర ఆగారు. తక్కిన జనం నేపుల్స్‌లో నేపుల్స్ మాట, వెనిస్‌లో వెనిస్ మాట ఆడుకుంటూ అదే గాలి పీల్చి బతికారు. మిలాన్‌లో పుట్టిన నవలాకారుడు అలెస్సాండ్రో మంజోనీ తన 'ఇ ప్రొమెస్సి స్పోజి'ని 1827లో వెలువరించి, ఆ ఏడే ఫ్లోరెన్స్ వెళ్లి, అక్కడివాళ్ల మాటతీరు విని, రాసిందాని భాష నచ్చక నవలంతా సవరించుకుంటూ కూర్చున్నాడు. ఆ కొత్త ప్రతి 1840–42లో గానీ బయటికి రాలేదు. పాపం, మూడు నెలల్లో పని తేలిపోతుందని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు. 1960 నుంచి 1968 దాకా ప్రభుత్వ టీవీలో ఆల్బెర్తో మంజీ అనే బడిపంతులు పెద్ద కాగితాల మీద బొగ్గుముక్కతో గీస్తూ పెద్దవాళ్లకు చదువు చెప్పాడు. సొంత భాషనే ఆ దేశం గాలికి వదిలెయ్యలేదు.

ఇక కుర్రాడు బడికెళ్లాలి. ఇటలీలో హైస్కూలు అయిదేళ్లు. చాలా బళ్లలో శనివారం కూడా క్లాసులే. వాణ్ని ప్రాచీన భాషలు నేర్పే 'లిచేయో క్లాసికో' రకం హైస్కూల్లో వేశారంటే ఇటాలియన్ రాకముందే లాటిన్, గ్రీకు, తత్వశాస్త్రం నెత్తిన పడతాయి. వాటన్నిటినీ మించింది 'ఇంటెర్రోగాజియోనే'. టీచరు రిజిస్టరులో పేర్ల వెంట వేలు పోనిస్తుంది. గదిలో చప్పుడుండదు. వేలు ఎవరి పేరు దగ్గర ఆగితే వాళ్లు లేచి టీచరు బల్ల దగ్గరికెళ్లి, క్లాసంతా వింటుండగా పాఠం ఒప్పజెప్పాలి, అడిగినవాటికల్లా జవాబు చెప్పాలి. పదికి ఆరొస్తే గట్టెక్కినట్టు. బ్రోషర్ చెప్పిన గాలి ఆ గదిలోనూ నిండుగానే ఉంటుంది. కుర్రాడు దాన్ని పీలుస్తూనే నీళ్లు నములుతుంటాడు.

దానికి తోడు మహాకవి దాంతె. లిచేయోల్లో చివరి మూడేళ్లూ ఆయన కావ్యం 'దివీనా కొమ్మేదియా' చదివిస్తారు, అందులోని నరకం, పాపాలు కడుక్కునే కొండ, స్వర్గం అనే మూడు భాగాలను ఏడాదికొకటి చొప్పున నడిపించడం మామూలు. నాలుగో ఏడులో చేరినవాడికి నరకమూ దక్కదు, స్వర్గమూ దక్కదు, మధ్యలో ఉన్న కొండ దక్కుతుంది. బాత్రూమ్ ఎటని అడగడం అప్పుడే నేర్చినవాడు ఏడు వందల ఏళ్ల నాటి కవిత్వంతో ఆ కొండెక్కాలి.

పోనీ విరామంలోనైనా గాలి పనిచేస్తుందా అంటే, అక్కడ తోటిపిల్లలు కాచుకుని ఉంటారు. వాళ్లకు కావలసింది ఇంగ్లీషు. అమెరికా నుంచి ఊడిపడ్డవాడు వాళ్లకు పైసా ఖర్చులేని ఇంగ్లీషు మాస్టారు. సాయంత్రం గది తలుపేసుకుంటే ఫోనులో సొంతూరి స్నేహితులు. ఒళ్లు ఇటలీలో, చెవులు ఒహాయోలో.

ఇక ఇంటి సంగతి. ప్రపంచ యుద్ధాల్లో అంబులెన్సులు నడిపిన అమెరికన్ వాలంటీర్ల సంస్థ ఏఎఫ్ఎస్ 1947లో ఈ విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టింది. ఇటలీలో దాని శాఖ ఇంటర్‌కుల్తురా. ఈ సంస్థల పద్ధతిలో పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాలు అద్దె తీసుకోవు, ప్రేమకొద్దీ పెట్టుకుంటాయి. అలాంటి ఇంటి ఇల్లాలి నెత్తిన వంటతోపాటు భాషాబోధన కూడా పెట్టిన ఘనత బ్రోషర్లు రాసేవాళ్లది. ఆ ఇల్లు నేపుల్స్‌లో ఉంటే ఆదివారం భోజనాల దగ్గర తాతగారి మాట ఏ ఇటాలియన్ పాఠంలోనూ దొరకదు.

పెద్దవాళ్లకూ గాలి ఒక్కటే చాలలేదు. పులిట్జర్ బహుమతి అందుకున్న అమెరికన్ రచయిత్రి ఝుంపా లాహిరి 1994లో ఫ్లోరెన్స్ చూసి ఆ భాష మీద మనసు పారేసుకుంది. అమెరికాలో ఏళ్ల తరబడి ట్యూషన్లు చెప్పించుకుని, 2012లో కుటుంబంతో రోమ్ చేరింది. మూడేళ్లకు ఇటాలియన్‌లోనే పుస్తకం రాసింది. అందులో సలెర్నో ఊళ్లో ఒక బట్టల కొట్టు ముచ్చట ఉంది. ఆవిడ చక్కటి ఇటాలియన్‌లో బేరం నడిపింది, భర్త పొడిపొడిగా నాలుగు మాటలన్నాడు. కొట్లో అమ్మాయి మెచ్చుకున్నది భర్త ఇటాలియన్‌ని! ఆయన మొహం వాళ్ల మొహంలా ఉంది మరి. మొహం చూసి మార్కులేసే గాలిని ఎన్ని ఊపిరితిత్తులతో పీల్చాలో బ్రోషర్ చెప్పదు.

గాలి మీద ఇటలీ ప్రభుత్వానికీ నమ్మకం లేదు. ఇటాలియన్‌ని పెళ్లాడి పౌరసత్వం కోరేవాళ్లు బి1 అనే మధ్యస్థాయి దాకా భాష వచ్చని రుజువు చూపాలని 2018లో నిబంధన పెట్టింది. అమెరికా విదేశాంగశాఖ తన ఉద్యోగులకు ఇటాలియన్ నేర్పడానికి సుమారు 600 గంటల క్లాసు లెక్కేసుకుంటుంది, అదీ తేలిక భాషల జాబితాలో పెట్టి.

తెలుగువాళ్లకైతే ధీమా ఇంకో మెట్టు ఎక్కువ. మనది 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' కదా! పదిహేనో శతాబ్దంలో విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు నికోలో దె కోంటి ఇచ్చాడని చెప్పుకునే ఆ బిరుదు ఉచ్చారణ దాకా కాస్త సాయపడుతుంది. క్రియలు మాత్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోవు. వాటి దగ్గర ఇటాలియన్లే బోల్తాపడతారు. 1975 నాటి 'ఫాంతోజ్జి' సినిమాలో ఇద్దరు గుమాస్తాలు టెన్నిస్ కోర్టులో క్రియ కుదరక తడబడే సీనుకి ఆ దేశం ఇప్పటికీ నవ్వుతుంది.

ఏడాది తిరిగేసరికి చక్కగా మాట్లాడేవాళ్లు లేకపోలేదు. వెళ్లబోయే ముందే క్రియారూపాలు వల్లెవేసి, బల్ల దగ్గర నలుగురిలో నవ్వులపాలై, రాత్రి మళ్లీ నోట్సు తిరగేసినవాళ్లు వాళ్లు. ఆ చెమటనంతా గాలి ఖాతాలో జమచేసుకోవడమే బ్రోషర్ల వ్యాపారం. కాబట్టి ఒక ప్రతిపాదన. ఇలాంటి బ్రోషర్ రాసిన ప్రతి పెద్దమనిషినీ పుస్తకం, ఫోను లేకుండా మూడు నెలలు నేపుల్స్‌లో ఉంచాలి. తరవాత ఏదైనా లిచేయోలో మంజోనీ మీద ఇంటెర్రోగాజియోనే పెట్టించి, పదికి వచ్చిన మార్కును వచ్చే ఏడాది బ్రోషర్ అట్టమీద, ఫీజు అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో అచ్చువేయాలి.