నా గిన్నెలోని పొట్టు

నేను రామచిలకను. పుట్టింది తాటిమోడు తొర్రలో. అమ్మ తన గొంతులోంచి తీసి నోట్లో పెట్టిన ముద్దే నేనెరిగిన మొదటి రుచి. జామపండు, జొన్న పాలకంకి, సీమచింత గుజ్జు, మోదుగ మొగ్గ, ఏ నెలలో ఏది దొరికితే అది. రెక్కలు పూర్తిగా రాకముందే తొర్రలోకి ఒక చెయ్యి వచ్చింది. నన్ను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. అయినా సంతలో బుట్ట కింద నన్ను అమ్మారు.

ఆ తర్వాత మూడో అంతస్తు బాల్కనీలో ఇనప పంజరం. మా ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పొద్దునా సాయంత్రం “అన్నం తిన్నావా?” అని అడిగేవారు. నేను నేర్చిన మొదటి మాట అదే. తాము తినేదల్లా నాకూ పెట్టేవారు: టీలో ముంచిన బిస్కెట్, కారప్పూస, పెరుగన్నం. గిన్నెలో మాత్రం ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలే. చుట్టాలొస్తే పచ్చిమిరపకాయ ఇచ్చి, నేను నములుతుంటే చూసి ఆశ్చర్యపోయేవారు. మిరప మంట పక్షులకు తెలియదు. నిజానికి నా పంజరంలో పడినవాటిలో నాకు మేలు చేసింది ఆ మిరపకాయే.

పొద్దుతిరుగుడు పప్పులో సగం నూనే. రోజంతా ఎగిరే పక్షికైతే అరుగుతుందేమో, మూరెడు కర్ర మీద కూర్చునే నాకెలా అరుగుతుంది? పైగా అందులో ఎ విటమిన్ లేదు, సున్నం తక్కువ. ఆ గింజ మరిగాక ఇంకేం పెట్టినా ముట్టలేదు. గింజ ఒలిచి పొట్టు గిన్నెలోనే వదలడం మా అలవాటు. దూరం నుంచి చూస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది. ఒక పండక్కి ఊరెళ్తూ తొంగిచూసి, ఉందిలే అనుకుని తలుపు వేసుకున్నారు. రెండు పగళ్ళు ఆ పొట్టే గెలుకుతూ కూర్చున్నాను. ఖాళీ ఇంటిని “అన్నం తిన్నావా?” అని అడిగాను.

మూడో ఏట మెడకు గులాబీ రంగు హారం వచ్చింది. ఆ అందం ఎన్నాళ్ళో నిలవలేదు. తుమ్ములు పట్టుకున్నాయి, ముక్కు కారింది, నోట్లో తెల్లటి పొక్కులు లేచాయి. ముక్కు వంకరగా పెరిగిపోయి గింజ ఒలవడమే కష్టమైంది. ఈకలు రాలుతుంటే ఇల్లు పాడవుతోందని పంజరాన్ని వెనక వసారాలో బట్టలుతికే చోటికి మార్చారు. అక్కడ ఎండ రాదు. పలకరింపు కూడా తగ్గింది. మాట తెలిసిన నాకు అదే ఎక్కువ బాధ. చివరికి ఒకరోజు పంజరంతో సహా మెట్ల కింద పెట్టి వెళ్ళిపోయారు.

పక్కింటి పిల్ల ఫోన్ చేస్తే అటవీ శాఖవాళ్ళు వచ్చి సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నోరు తెరిచి చూసింది. ఎ విటమిన్ లేక నోటి లోపలి పొర మందమైందని, కాలేయానికి కొవ్వు పట్టిందని చెప్పింది. గింజలు ఒక్కసారిగా ఆపలేదు. రోజూ కొంచెం తగ్గిస్తూ మునగాకు, క్యారెట్ తురుము, గుమ్మడి ముక్క పెట్టారు. ఊచకు జొన్నకంకి కట్టారు. అది తిండని నాకు తెలియలేదు, భయపడి మూలకు జరిగాను. పక్క పంజరంలోని ముసలి చిలక కంకిని కాలితో ఒడిసిపట్టి ఒక్కో గింజా వలుచుకుంటుంటే నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నాను.

పొక్కులు మానాయి. కాలేయం పూర్తిగా బాగుపడలేదు, రెక్కల్లో బలమూ లేదు. నన్ను బయటికి వదలలేమన్నారు.

ఇవాళ కంకి లేతగా ఉంది. కాలితో పట్టుకుని కొరికితే పాలు చిమ్మాయి. నిన్న తెచ్చిన పిల్ల చిలక ఊచల అవతల నుంచి నన్నే చూస్తోంది.