తప్పులతోనే పెట్టేయండి

మ్యూజియంలో ఉన్న శిల్పాలూ చిత్రాలూ అన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కించే పని మీకు అప్పగించారంటే, దాంతోపాటు ఒక హితబోధ కూడా చేసే ఉంటారు: "తొందరేం లేదు, ముందు రికార్డులన్నీ సరిచేసుకోండి. అంతా పక్కాగా ఉన్నాక జనానికి చూపిద్దాం." ఈ మాట చెప్పేవాళ్లు మంచివాళ్లే. అయినా వినకండి. నేను ఒక జిల్లా మ్యూజియంలో పద్నాలుగేళ్లు రిజిస్టర్ల ముందు కూర్చున్నాను. అంతా పక్కా అయిన రోజు నా సర్వీసులో రాలేదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరి సర్వీసులోనూ రాలేదు. ఇక్కడ రాస్తున్నవన్నీ పై అధికారులు విని తల పట్టుకున్న సలహాలు. నేను మాత్రం ప్రతి మాటా మనసారా చెబుతున్నాను.

మొదటి సలహా అదే. అసంపూర్ణంగానే పెట్టేయండి. పేరు తెలియకపోతే "పేరు తెలియదు" అని, కాలం తెలియకపోతే "కాలం తెలియదు" అని రాసి, ఒక ఫొటో, రిజిస్టరు నంబరు, కొలతలు ఇచ్చి జనం ముందు పెట్టండి. పరువు పోతుందంటారు. పోదు. బీరువాలో ఉన్న తప్పును దిద్దేవాడుండడు. పదిమంది చూసే తప్పును ఎవరో ఒకరు దిద్దుతారు.

"ఫొటోలు పెడితే దొంగలకు దారి చూపించినట్టే కదా" అని రెండో భయం. దీనికి జవాబు తమిళనాడులో ఉంది. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడి నుంచి చోళుల కాలపు నటరాజ కంచు విగ్రహం దొంగల పాలైంది. 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 50 లక్షల డాలర్లు పెట్టి కొన్నది. అది మన గుడిదేనని నిరూపించింది ఏమిటి? పాండిచ్చేరిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గరున్న 1994 నాటి ఫొటో. ఆ సంస్థ వాళ్లు 1950ల నుంచీ దక్షిణాది గుళ్లు తిరిగి, శిల్పశాస్త్రం చదువుకోవడానికి లక్షకు పైగా ఫొటోలు తీసి దాచారు. దొంగల్ని పట్టాలన్న ఆలోచనతో తీసినవి కావు. అయినా ఆ ఒక్క ఫొటో సాక్ష్యం చెప్పింది. 2014లో నటరాజు తిరిగి వచ్చాడు.

అదే గ్యాలరీ 2005లో మన రాయిని కూడా ఒకటి కొన్నది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధ క్షేత్రానికి చెందిన సున్నపురాతి ఫలకం అది. బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల బొమ్మలు చెక్కి ఉంటాయి దాని మీద. పదకొండేళ్లు అది కాన్‌బెర్రాలోని ఆ గ్యాలరీలో ఉండిపోయింది. 2016లో తిరిగి ఇచ్చారు. ఆ కొనుగోలుకు ముందే చందవరం రాళ్లన్నీ ఫొటోలతో సహా ప్రపంచం ముందు ఉండి ఉంటే కొనేవాడు ఒక్క క్షణమైనా ఆగేవాడని నేను నమ్ముతాను. ఊరంతా ఎరిగిన నగను దొంగ అమ్ముకోవడం కష్టం. దాచాల్సింది వస్తువును కాదు. స్టోరు రూము నంబరు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇన్సూరెన్సు విలువ ఎంత, కాపలా మనిషి ఎన్నింటికి ఇంటికి వెళ్తాడు, ఇవీ దాచాల్సినవి. ఇవి మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి, ఎంత పెద్దవాళ్లు అడిగినా సరే.

ఫొటో తీసేటప్పుడు విగ్రహం వెనక్కి వెళ్లండి. ముఖాన్ని అందరూ తీస్తారు. వీపు మీద పగులు, పీఠం కింద ఉలి దెబ్బ, విరిగిన వేలు, పాత రంగుతో రాసిన మూడు రకాల నంబర్లు, ఇవే ఆ వస్తువు వేలిముద్రలు. వస్తువు పోయినప్పుడు పోలీసులకూ కస్టమ్స్ వాళ్లకూ పనికొచ్చేలా ఏమేం రాసి పెట్టుకోవాలో చెప్పే ఆబ్జెక్ట్ ఐడీ అనే పద్ధతి 1997 నుంచి ప్రపంచమంతా చలామణీలో ఉంది. అందులో కూడా ఈ ప్రత్యేకమైన గుర్తులకు ఒక గడి ఉంటుంది. అందంగా కనిపించే ఫొటో పోస్టరుకు వాడుకోండి. డేటాబేసుకు నిజం కనిపించే ఫొటో కావాలి.

ఇప్పుడు తప్పుల సంగతి. పాత రిజిస్టరులో తప్పు కనబడగానే కొట్టేసి కొత్తది రాయాలని చేతులు దురద పెడతాయి. దిద్దండి, కానీ పాతదాన్ని చెరపకండి. అమరావతి శిల్పాల కథ తీసుకోండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలాకాలం వాటిని ఇలియట్ మార్బుల్స్ అనీ, అమరావతి మార్బుల్స్ అనీ పిలిచారు. మనవాళ్లు కూడా ఇప్పటికీ పాలరాతి శిల్పాలంటుంటారు. అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ముడిసరుకు గడిలో "సున్నపురాయి" అనే రాయాలి, అందులో రాజీ లేదు. కానీ "పాలరాయి" అన్న మాటను డేటాబేసులోంచి పీకేస్తే, పాత పుస్తకం చదివి ఆ పేరుతో వెతికే పిల్లవాడికి ఒక్క శిల్పం కూడా దొరకదు. పాత పేర్లకు విడిగా ఒక గడి పెట్టండి. ధాన్యకటకం, ధరణికోట, అమరావతి అన్నీ అందులో ఉండనివ్వండి. మహారాష్ట్రలోని అమరావతి కాదని కూడా రాయండి. ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు, ఆ స్పెల్లింగులన్నీ చేర్చండి. చూసేవాడికి ఒక్క పేరే కనిపిస్తే చాలు, వెతికేవాడికి మాత్రం అన్ని తలుపులూ తెరిచి ఉండాలి.

కాలనిర్ణయం కూడా అంతే. "12వ శతాబ్దం" అని ఒంటరిగా రాయకండి. ఎవరన్నారు, ఏ సంవత్సరంలో అన్నారు, శాసనం చూసి అన్నారా శైలి చూసి అన్నారా, పక్కనే రాయండి. తర్వాత ఇంకొకరు కాదంటే, ఆ మాటను దాని కింద చేర్చండి. రికార్డు పొడవైపోతుందని డేటా ఎంట్రీ వాళ్లు గొణుగుతారు. పొడవైపోనివ్వండి.

నా జీవితంలో పెద్ద పాఠం ఒక పటం దగ్గర నేర్చుకున్నాను. చేర్యాల నకాషీలు గీసిన పాత పటం ఒకటి మా స్టోరులో ఉండేది. రిజిస్టరులో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం: "గుడ్డ మీద చిత్రం, పురాణ కథ, చుట్ట, 1." కాంట్రాక్టు మీద వచ్చిన ఫొటోగ్రాఫరు చుట్ట విప్పి, బయటికి వచ్చిన కొసనుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా తీసి నంబర్లు వేశాడు. నేనే సరిచూసి సైటులో ఎక్కించాను. కొన్నాళ్లకు ఒక పెద్దాయన, కూనపులి వాళ్లాయన, మనవడి ఫోనులో అది చూసి బస్సెక్కి వచ్చాడు. ఆ ఇంటివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం పటం పట్టి చెబుతారు. వచ్చి కుర్చీలో కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. "సారూ, కథను కాళ్లు పట్టి గుంజుకొచ్చిండ్రు" అన్నాడు. పటం పైనుంచి కిందికి విప్పుకుంటూ పోవాలి. వినాయకుడితో మొదలవుతుంది. మేం వినాయకుణ్ణి చివరి నంబరు చేసి పెట్టాం.

ఆ రోజు ఆయన మూడు గంటలు నిలబడి ఒక్కో వరుసా చూపించి చెప్పాడు. ఈ బొమ్మ ఎవరిది, ఇక్కడ పాట ఎందుకు ఆగుతుంది, ఇక్కడ చూసేవాళ్లు కట్నం ఎందుకు చదివిస్తారు, అన్నీ. మేం "పురాణ కథ" అని రెండు మాటల్లో తేల్చేసినదానిలో అంత ఉంది. అప్పటినుంచి నేనిచ్చే సలహా ఇది: పటాల దగ్గర మొదటి ఫోను ప్రొఫెసరుకు కాదు, కథ చెప్పేవాళ్లకు చేయండి. చాకలివారి మడేలు పురాణం పటం వేరు, మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబ పురాణం పటం వేరు, గొల్లల కాటమరాజు కథ వేరు. ఎవరి పటం, ఎవరి కోసం గీశారు, ఎవరు చెబుతారు అన్నవి రికార్డులో లేకపోతే ఆ పటం వట్టి రంగుల గుడ్డ. వాళ్లను పిలిచినప్పుడు బస్సు చార్జీ, భోజనం, రోజు కూలి ఇవ్వండి. గొంతు రికార్డు చేస్తే అడిగి చేయండి, ఒప్పుకుంటే పేరు వేయండి. మ్యూజియం లెక్కల్లో దీనికి పద్దు లేదంటారు. పద్దు పెట్టించుకోవడం కూడా మీ ఉద్యోగమే.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాలు సీ-డాక్ తయారుచేసిన జతన్ వాడుతున్నాయి, సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులను అందులో చూడొచ్చు. మీకు ఏది దొరికితే అది వాడండి. కానీ మొదటి ఏడాది టెండరు జోలికి పోకండి. ఆ ఏడాదంతా రిజిస్టరు పట్టుకుని స్టోరులో నిలబడి, వస్తువునూ నంబరునూ జత కలపండి. ఆ జత కుదరకుండా కొన్న సాఫ్ట్‌వేర్ గందరగోళాన్నే వేగంగా చూపిస్తుంది.

ఎక్సెల్‌తో మాత్రం జాగ్రత్త. 1976లో వచ్చిన ఐదో వస్తువుకు "5-76" అని నంబరుంటే, ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. ముందున్న సున్నాలను మింగేస్తుంది. మొట్టమొదట నంబర్ల నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చి, తర్వాతే ఒక్క అంకె అయినా కొట్టండి. తెలుగును అను ఫాంట్లలో కొట్టించకండి. అచ్చులో అందంగా ఉంటుంది, వెబ్‌లో పిచ్చిరాతలుగా కనబడుతుంది, వెతికితే దొరకదు. యూనికోడ్‌లోనే కొట్టించండి. రికార్డుకు ఇంత అని డబ్బిచ్చి మాత్రం కొట్టించకండి. మా దగ్గర ఒకసారి అలా చేసినప్పుడు, ఒకే వివరణ వందల విగ్రహాలకు అంటుకుపోయింది. విడదీయడానికి రెండేళ్లు పట్టింది.

ఫొటోల మీద అడ్డంగా మ్యూజియం పేరు అచ్చేయాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. ఒప్పుకోకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్లు వెర్మీర్ గీసిన పాలు పోసే అమ్మాయి చిత్రానికి ఇంటర్నెట్‌లో వేల కొద్దీ పసుపుపచ్చని నాసి నకళ్లు తిరుగుతున్నాయని గమనించారు. జనం పోస్టుకార్డు మీది అసలు రంగును చూసి ఇది తప్పనేవాళ్లట. దానికి మందు, మంచి ఫొటోను తామే ఉచితంగా ఇవ్వడం. మంచిది దొరికినప్పుడు చెడ్డదాన్ని ఎవరూ పంచరు. అయితే కాపీరైటు చూసుకోండి. మన చట్టంలో చిత్రకారుడు పోయాక అరవై ఏళ్లవరకూ హక్కు వారసులది. దామెర్ల రామారావు 1925లోనే పోయారు కనుక ఆయన చిత్రాలకు అడ్డేమీ లేదు. పి.టి.రెడ్డి పోయింది 1996లో. వాళ్ల ఇంటివాళ్లను అడగకుండా ఒక్క చిత్రం కూడా పెట్టకండి.

పోయిన వస్తువులను కూడా పెట్టండి. ఇది అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన సలహా. రిజిస్టరులో నంబరుండి, స్టోరులో వస్తువు లేకపోతే, ఆ రికార్డును తొలగించడం కాదు, "ఫలానా సంవత్సరం తనిఖీలో కనబడలేదు" అని రాసి నలుగురికీ చూపించాలి. అలాగే మారిపోయినవి. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలబెట్టిన విగ్రహాల్లో కొన్ని 2011 మార్చి 10న ధ్వంసమయ్యాయి, తర్వాత మళ్లీ కొత్తవి పెట్టారు. పేరు అదే, చోటు అదే, వస్తువు మాత్రం వేరు. అలాంటిచోట రెండు రికార్డులుండాలి, ఒకదానిలోంచి ఇంకోదానికి దారి ఉండాలి. జరిగింది ఎవరికి నచ్చినా నచ్చకపోయినా రికార్డు దాన్ని దాచకూడదు.

చివరిది, నవ్వినా పరవాలేదు. మొత్తం డేటాబేసును ఏడాదికి ఒకసారి కాగితం మీద అచ్చు వేయించండి. మా మొదటి విడత పని అంతా బీరువాలో పెట్టిన ఒక సీడీలో ఉండేది. సైటు నడిపిన కంపెనీ కాంట్రాక్టు ముగియగానే సైటు పోయింది, ఆ సీడీ ఏ మెషిన్‌లోనూ తెరుచుకోలేదు. అదే బీరువాలో నిజాం జమానా నాటి ఉర్దూ రిజిస్టరు ఉంది. ఒక రిటైరైన మౌల్వీ సాబ్‌ను బతిమాలి పిలిపిస్తే, కళ్లద్దాలు తుడుచుకుని మొదటి పేజీ మొదటి పద్దు నుంచి గడగడా చదివాడు. మంచి కాగితం, చెరగని సిరా, గట్టి బైండింగు. రెండు ప్రతులు వేయించి, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి.