సుషీకి మడి కట్టారు

2006లో జపాన్ వ్యవసాయ మంత్రి తొషికత్సు మత్సుఓకా అమెరికా పర్యటనలో కొలరాడోలోని ఒక జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్లారు. మెనూలో సుషీ పక్కనే కొరియావాళ్ల కాల్చిన మాంసం కనబడింది. ముద్ద దిగినట్టు లేదు. విదేశాల్లో ఉన్న జపనీస్ రెస్టారెంట్లలో అసలేవో నకిలీవేవో తేల్చి సర్టిఫికెట్లు ఇస్తామని ఆయన శాఖ ప్రకటించింది. అప్పటికి అలాంటివి లోకంలో సుమారు 24 వేలు. అమెరికా పత్రికలు రాబోయే తనిఖీదార్లకి 'సుషీ పోలీసులు' అని నామకరణం చేసేశాయి.

నేరమల్లా సుషీ మైలపడటం. వెనకటి మన వంటిళ్లలో పొయ్యి దగ్గరికి పిల్లాడు చొక్కాతో వెళ్తే లేచేంత రభస లేచింది.

మరి ఆ మడిబట్ట ఎక్కడ నేశారు? టెంపురా 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చిన వేపుడు. రామెన్ చైనాది. సాల్మన్ కథ ఇంకా ముచ్చటైంది. పురుగుల భయంతో జపనీయులు తమ సముద్రపు సాల్మన్‌ని పచ్చిగా ముట్టేవారు కాదు. పెంచిన చేప అమ్ముకోవాల్సిన నార్వేవాళ్లు 1980లలో టోక్యో చుట్టూ ఏళ్ల తరబడి ప్రదక్షిణలు చేసి, "మాది పచ్చిగా తినొచ్చు మహాప్రభో" అని బతిమాలి అలవాటు చేశారు. ఈ అపచారానికి ఓస్లో మీదికి ఏ పోలీసూ వెళ్లలేదు.

జపాన్‌లోనే తిరిగే బెల్టు ముందు కూర్చోండి. బీరు కర్మాగారంలో సీసాలు కదిలిపోతుంటే చూసి యోషియాకి షిరాయిషి 1958లో ఒసాకా పక్కన పెట్టిన ఏర్పాటు అది. ఇవాళ దాని మీద ట్యూనా ప్లేటు వెనకాలే మయోనైజ్‌లో ముంచిన మొక్కజొన్న గింజలు, నోరి అనే సముద్రపు నాచు చుట్టిన అన్నమ్మీద ఎక్కి దర్జాగా వస్తాయి. వాటి వెనక అన్నంముద్ద నెత్తిన బుల్లి హాంబర్గ్ ముక్క. నంజుకునే పచ్చటి వసాబి చాలాచోట్ల హార్స్‌రాడిష్ దుంపకి రంగు వేసిందే. ఇదే పని కొలరాడోవాడు చేస్తే సంస్కృతికి ముప్పు! గురివింద గింజలు జపాన్‌లోనూ కాస్తాయి కాబోలు.

నవ్వులపాలయ్యాక పథకం మెత్తబడి సిఫార్సుల దాకా దిగింది. 2016లో విదేశీ వంటవాళ్లకి బంగారు, వెండి, కంచు సర్టిఫికెట్లు వచ్చాయి. పని నేర్చుకున్నవాడికి బిళ్ల ఇస్తే కాదనేదేముంది? అయితే 2023కి విదేశాల్లో జపనీస్ రెస్టారెంట్లు 1,87,000 దాకా అయ్యాయని చెప్పేదీ ఆ వ్యవసాయ శాఖే. లెక్క చెప్పేటప్పుడు మైలపడ్డవాటిని తీసెయ్యరు. సోయాసాసూ సాకే కొనేది వాళ్లే కదా!

ఆ మాటకొస్తే మనకీ ఒక ఫిర్యాదు ఉండాలి. ఇంగ్లీషువాళ్ల చేతుల మీదుగా జపాన్ చేరిన మన కూర అక్కడ పిండి కలిపిన చిక్కటి పులుసైంది. 1915లో బ్రిటిష్ పోలీసుల్ని తప్పించుకుని టోక్యో చేరిన విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌కి నకమురాయా బేకరీవాళ్లు తలదాచుకోనిచ్చారు, తర్వాత పిల్లనిచ్చారు. అక్కడి కూర ఈ అల్లుడుగారికి నచ్చలేదు. 1927లో ఆ దుకాణంలోనే ఎముకలున్న కోడిముక్కలతో, మసాలాలతో మన పద్ధతి కూర పెట్టించారు. మామూలు కూరన్నం కన్నా ఎన్నో రెట్లు ఖరీదైనా జనం కొనుక్కుతిన్నారు. మిగతా జపాన్ పంది కట్లెట్ మీద పిండికూర పోసుకుని చెంచాతో లాగిస్తూనే ఉంది. బోసుగారు ఆ ప్లేట్లు జప్తు చేయించలేదు.