బుల్లెట్టుకు విమానం పెట్రోలు

విమానానికి పోసే పెట్రోలు పోస్తే బండి కూడా ఇంచుమించు విమానమవుతుందన్నది మా బావమరిది సిద్ధాంతం. కనిపెట్టింది వాడు కాదు. పాత బుల్లెట్టున్న ప్రతివాడికీ ఎయిర్‌ఫోర్సులో ఓ దూరపు చుట్టం ఉంటాడు. ఆయన ఎప్పుడో లీటరు పోయించాడట, బండి బేగంపేట నుంచి సికింద్రాబాద్ దాకా బ్రేకులకు లొంగకుండా పోయిందట. చూసినవాడు మాత్రం ఒక్కడూ దొరకడు.

"ఇంతకీ ఏ విమానంరా?" అనడిగాను. వాడికి అది అనవసరమైన ప్రశ్న. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మనం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే పెద్ద విమానాలు తాగేది జెట్ ఎ-1. మన దగ్గర ఏటీఎఫ్ అంటారు. పేరు ఘనంగా ఉన్నా గోత్రం అడిగితే కిరసనాయిలే. కాకపోతే కట్టుబాట్లు గట్టివి: మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు, 38 డిగ్రీల లోపు నిప్పంటుకునేంత ఆవిరి విడవకూడదు. జెట్ ఇంజిన్‌లో మంట ఒకసారి వెలిగితే అలా మండుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ సరిపోతుంది. బుల్లెట్టు కార్బొరేటర్‌లో పోస్తే అది సరిగ్గా ఆవిరి కాదు. ప్లగ్గుకు మసి, సైలెన్సర్‌కు పొగ, ఇంజిన్‌కు నాకింగ్, తొక్కేవాడి కాలికి నొప్పి మిగులుతాయి.

అసలు సిసలు విమానం పెట్రోలు ఏవ్‌గ్యాస్. పిస్టన్ ఇంజిన్లున్న చిన్న విమానాలకు పోస్తారు. ఇందులో 100 ఎల్‌ఎల్ రకానికి గుర్తుగా నీలం రంగు కలుపుతారు. రేషన్ కిరసనాయిలుకూ నీలం రంగే కలిపేవారు. ఈ రెండు నీలాల మధ్యే మావాడు జారిపడ్డాడు.

రేషన్ కార్డు మీద కిరసనాయిలు ఇచ్చే రోజులవి. ఎవరో మహానుభావుడి దగ్గర మావాడు ఓ డబ్బా కొనుక్కొచ్చాడు. "రంగు చూశారా బావా? ఆకాశం రంగు!" అంటూ మూత తీశాడు. బండి బాగుచేస్తున్న మెకానిక్ ఏమీ అనలేదు. డబ్బాలో వేలు ముంచి, పక్కనున్న పాత పేపరు మీద ఒక చుక్క వేశాడు. బండి ట్యాంకులోంచి తీసిన పెట్రోలు మరో చుక్క వేశాడు. పెట్రోలు చుక్క చూస్తుండగానే ఆరిపోయింది. నీలం చుక్క మాత్రం పెళ్ళికొచ్చిన చుట్టంలా కదలకుండా, నూనె మరక పెట్టుకుని కూర్చుంది. మెకానిక్ వేలు వాసన చూసుకుని, "ఏ ఫ్లైట్ సార్ ఇది? మా అమ్మ స్టవ్వుల పోసేది గిదే. గ్యాస్‌నూనె" అన్నాడు.

"పోనీ నిజమైంది దొరికితే?" అన్నాడు మావాడు, ఓటమి ఒప్పుకోకుండా.

నిజమైంది దొరికినా ఒరిగేదేమీ లేదు. ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. సిలిండర్‌లో ఎంత నలిపినా, ప్లగ్గు రాజేసిన మంట తన దాకా వచ్చేవరకూ తనంతట తాను పేలిపోకుండా ఉండే గుణం. 1940లో బ్రిటన్ యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల మెర్లిన్ ఇంజిన్‌కు 87 బదులు 100 ఆక్టేన్ పోశారు. అప్పటిదాకా సూపర్‌చార్జర్ 6 పౌండ్ల ఒత్తిడితో కూరుతున్న గాలిని 12 పౌండ్లతో కూరగలిగారు. బలమొచ్చింది ఆ అదనపు గాలి వల్ల, పెట్రోలు దాన్ని ఓర్చుకుంది, అంతే. మన పాత ఇనుప బుల్లెట్టు గాలిని ఏడింతలు కూడా నలపదు. దానికి మామూలు బంకు పెట్రోలు ఓర్పే ఎక్కువ. పైగా మన దేశం 2000లో బంకుల్లోంచి సాగనంపిన సీసం ఏవ్‌గ్యాస్‌లో ఇంకా ఉంది. ఇప్పటి బీఎస్-6 బండికి పోస్తూ పోతే కెటాలిటిక్ కన్వర్టర్‌కు నూకలు చెల్లినట్టే.

ఆమధ్య మావాడికి ఇంకో ముక్క చెప్పి చేజేతులా చిక్కు తెచ్చుకున్నాను. 1982లో అమెరికాలో సెస్నా 150 అనే చిన్న విమానానికి మామూలు కారు పెట్రోలు పోసుకోవచ్చని అనుమతి వచ్చింది. ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 విమానం ఇంజిన్‌కైతే కారు పెట్రోలే హితవు. సీసం పెట్రోలు ఎక్కువగా పోస్తే ఇంజినాయిల్ త్వరత్వరగా మార్చాలి. ఖరీదు మాటకొస్తే, 2021 అక్టోబరులో ఢిల్లీలో బండి పెట్రోలు లీటరు 105 రూపాయలు దాటినప్పుడు ఏటీఎఫ్ 79 రూపాయలే.

మావాడి మొహం వెలిగిపోయింది. "అంటే మన బంకు పెట్రోలే విమానాల్లో పోస్తారన్నమాట! పైగా జెట్ విమానం తాగేదానికన్నా ఖరీదైంది!" అన్నాడు. ఆ సెస్నాకు పోసే పెట్రోల్లో ఇథనాల్ కలవకూడదనీ, మన బంకుల్లో కలుపుతారనీ చెప్పబోయేలోపే కిక్కు కొట్టి వీధి మలుపు దాటేశాడు.