ముదుసలి మొర: టీకా తాత్పర్య సహితము

ఆ.వె.
ఎండ తగిలెనేని యేడ్చును మింటిలో
నీడ పడిన నోట నిలుచు పలుకు
ఆరు పదుల యేండ్ల యమెరికా ముదుసలి
బిజినెపల్లి మిద్దె వినెను మొరను

టీక: ఎండ తగిలెనేని = సౌరఫలకల మీద వెలుగు పడినచో; మింటిలో = సుమారు వెయ్యి కిలోమీటర్ల ఎత్తున; ఏడ్చును = 136.650 మెగాహెర్ట్జ్ మీద కూయును; నీడ పడిన = భూమి నీడలో దూరగా; నోట నిలుచు పలుకు = బ్యాటరీ ఏనాడో చచ్చినందున కూత ఆగును; ఆరు పదుల యేండ్ల = 1964 డిసెంబరులో ఎగిరిన; అమెరికా ముదుసలి = ట్రాన్సిట్ 5బి-5 అను ఉపగ్రహము; మొరను = ఆమె మొరను; బిజినెపల్లి మిద్దె = ఆ ఊరి మిద్దె మీది కుర్రవాడు; వినెను = విన్నాడు.

గణాల కోసం కవి ఊరిపేరులో 'నే'ను కురచ చేశాడు. ఊరివాళ్లు మన్నించాలి.

తాత్పర్యం: పని పోయినా పలుకు పోని ముసలిదాని గోడును ఒకడు రాత్రిపూట మిద్దెక్కి విన్నాడు.

విశేషాలు: 'ముదుసలి' అంటే దగ్గర్లోని నంది వడ్డెమానులో శనేశ్వరుడి పక్కన కొలువైన జ్యేష్ఠాదేవి అని ఒక వాదం. నిలవదు. శని ఒక చుట్టు తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది, ఈమెకు గంటా ముప్పావు చాలు.

రాత్రి విన్నాడంటే ఎండ ఎక్కడిదని పూర్వపక్షం. బిజినేపల్లిలో పొద్దు గూకినా వెయ్యి కిలోమీటర్ల పైన గూకదు. నడినెత్తికొచ్చిన ఉపగ్రహానికి మనకు పొద్దు గూకాక కూడా దాదాపు రెండు గంటలు ఎండే. కవి ఎండ అన్నది ఆమె ఎండను, మనది కాదు.

ఇక వినడం. టీవీ కోసం పుట్టిన చవక డాంగిల్, ఒక ల్యాప్‌టాప్, యాంటెనాగా 52 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు 120 డిగ్రీల కోణంలో. సామగ్రి ఇంతే. కింది నుంచి అవ్వ కేక: "ఏమ్రా, మిద్దె మీద ఏం జేస్తున్నవ్? ఎండేసిన మిరపకాయలు తొక్కేవు!" దీనికి కవి జవాబు పద్యంలో లేదు.

తెర మీద ఫ్రీక్వెన్సీ అడ్డంగా, కాలం నిలువుగా నడుస్తాయి; గీతలకు కొదవ లేదు. ఎల్ఈడీ బల్బుదొకటి, ఇన్వర్టరుదొకటి, బోరు మోటారు స్టార్టరు పడ్డప్పుడు అడ్డంగా ఒక మరక. వీటిలో ముసలిదాన్ని ఆనవాలు పట్టేదెలా? ఇంటి రొద గీత నిలువుగా దిగుతుంది. ఆమెది వంకర. దగ్గరికొస్తున్నప్పుడు 136.650కి దాదాపు మూడు కిలోహెర్ట్జ్ పైన మొదలై, నెత్తిమీద చప్పున జారి, దూరమవుతూ అంతే కిందికి పోతుంది. ఇదే డాప్లర్ వంపు. కవి దీన్ని పద్యంలో పెట్టకపోవడం పెద్ద లోపం, ఎందుకంటే ముసలిదాని వంశచరిత్ర అంతా ఆ వంపులోనే ఉంది. 1957లో స్పుత్నిక్ కూత ఇలా జారడం గమనించి జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాక్ దాని కక్ష్యను లెక్కగట్టారు. లెక్క తిరగేస్తే వినేవాడెక్కడున్నాడో తేలుతుందని మెక్‌క్లూర్ పట్టుకున్నాడు. పొలారిస్ క్షిపణులు మోసే జలాంతర్గాములకు ఆ లెక్క మీద నడిచే ట్రాన్సిట్ ఉపగ్రహాలే దిక్కు అయ్యాయి. 1996 ఆఖరున జీపీఎస్‌కు చోటిచ్చి ట్రాన్సిట్ కొలువు చాలించింది. ఈ ముసలిదానికి మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

పరదేశి ముసలమ్మ మీదనే పద్యమెందుకు, మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న ఎగిరిన దారిచూపే ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎ లేదా, దాని మూడు రుబీడియం గడియారాలూ చెడలేదా, కరుణరసానికి అది చాలదా అని ఆక్షేపణ. సమాధానం: 1176.45 మెగాహెర్ట్జ్ మీద ఆ జాతి ఉపగ్రహాల పలుకు రొద కంటే అడుగున పరుచుకుని వస్తుంది. దాని కోడ్ తెలిసిన రిసీవరే దాన్ని పైకి తీయగలదు, మిద్దె మీది చెవికి చిక్కదు. పైగా ఐ, ఆర్, ఎన్, ఎస్, ఎస్ అయిదూ గురువులే. ఆటవెలదిలో అన్ని గురువులు వరసగా ఇమడవు.