పదహారు వోల్టుల పరాభవం

ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో 34 ఏళ్లు పనిచేశాను. నెత్తిమీద ఎప్పుడూ 25 వేల వోల్టుల తీగ. పర్మిట్ లేకుండా దానికి 2 మీటర్ల లోపలికి ఎవరొచ్చినా, ఆఖరికి మా ఆఫీసరొచ్చినా సరే, కేకేసి ఆపేవాణ్ణి. ఒంటిమీద చిన్న మచ్చ పడకుండా రిటైరయ్యాను. శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి, "ఈయనకి కరెంటంటే భయం లేదు, కరెంటుకే ఈయనంటే భయం" అని మైకులో చెప్పి పంపించారు. అంతటి నాకు ఒహాయోలో, మా అమ్మాయి ఇంటి బేస్‌మెంటులో, 16 వోల్టుల కరెంటు బుద్ధి చెప్పింది.

నిజానికి మేం బయల్దేరేటప్పుడే ఆ కరెంటు ఓ హెచ్చరిక పంపింది. మా ఆవిడ ఆవకాయ సీసా మూతకి నా నల్ల ఇన్సులేషన్ టేపుతో మూడు చుట్లు చుట్టించింది. అమ్మాయి ఊరు కొలంబస్‌లో సూట్‌కేసు తెరిస్తే నా తెల్ల చొక్కాలన్నీ పండక్కి పసుపు రాసినట్టున్నాయి. టేపు జారిపోయి సీసా మెళ్లో హారంలా వేలాడుతోంది. తప్పు సీసాదన్నాను. టేపుని అనుమానించడానికి మనసొప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ల స్నేహం మరి.

ఆరు నెలలకి వెళ్లిన తల్లిదండ్రుల కార్యక్రమం అందరికీ తెలిసిందే. మొదటి నెల నయాగరా, రెండో నెల గుడి, మూడో నెల నుంచి డిష్‌వాషర్ సర్దడం. నేను మూడో నెలలో ఉండగా అల్లుడుగారు, "మావయ్యగారూ, మీరు రైల్వే కదా, ఓసారి కిందకొస్తారా?" అన్నారు.

కింద ఓ పెద్ద ప్లైవుడ్ బల్ల. దాని మీద కొండలు, వంతెన, స్టేషను, పట్టాలు. హెచ్‌ఓ స్కేలట, అసలుకి 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. "మన బ్రాడ్‌గేజ్ అయితే 19 దాటాలే" అన్నాను. అల్లుడుగారు గౌరవంగా తలూపారు. అల్లుళ్లు అలా తలూపితే మామలకి ధైర్యమెక్కువైపోతుంది. అక్కడే మొదలైంది నా పతనం.

ఆయన చేతిలో సెకండ్‌హ్యాండులో కొన్న ఓ పాతకాలం డీజిల్ ఇంజను ఉంది. దానికి డీకోడర్ పెట్టాలి. పాత పద్ధతిలో పట్టాల్లోకి వోల్టేజి ఎంత పంపిస్తే బండి అంత వేగంగా పోతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లుంటే కవలపిల్లల్లా రెండూ ఒకేసారి కదులుతాయి. కొత్తదాన్ని డీసీసీ అంటారు. పట్టాల్లో ఎప్పుడూ 14, 16 వోల్టులుంటాయి. ఆజ్ఞలు కూడా ఆ కరెంటులోనే కలిసి వస్తాయి. ఇంజను కడుపులో ఉన్న డీకోడర్ తన నంబరుతో పిలిచిన పిలుపుకే పలుకుతుంది. షాపు నుంచి వచ్చిన ప్రతి డీకోడర్ నంబరూ 3 అట. మా వీధిలో శ్రీనూ అని పిలిస్తే ఆరుగురు తిరిగి చూసినట్టు, మార్చుకోకపోతే అన్నీ కలిసి పలుకుతాయి.

డీకోడరంటే బిస్కెట్ ముక్కంత పలక, దానికి వెంట్రుకల్లాంటి తీగలు. ఎరుపు, నలుపు పట్టాల నుంచి. నారింజ, బూడిద మోటారుకి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం అన్నిటికీ ఉమ్మడి. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్లు ఖాయం చేసిన రంగులట.

ఇంజను విప్పి చూడగానే జబ్బు కనిపెట్టేశాను. మోటారు కింది బ్రష్ క్లిప్పు తిన్నగా ఇనప ఫ్రేమ్‌కి ఆనుకుని ఉంది. ఆ ఫ్రేమ్ ఒక పట్టాతో కలిసి ఉంది. పాత రోజుల్లో అది పొదుపు, ఒక తీగ మిగిలేది. డీకోడర్ వచ్చాక అదే గండం. మోటారుకి వెళ్లే తీగల్లో ఏ ఒక్కటి పట్టా కరెంటుని తాకినా డీకోడర్‌లోని ట్రాన్సిస్టర్లు రెప్పపాటులో బూడిదవుతాయి. మా భాషలో దీన్ని ఎర్త్ ఫాల్ట్ అంటారు.

"మెగ్గర్ ఉందా?" అన్నాను.

"అంటే ఏంటండీ?"

"ఇన్సులేషన్ చూడ్డానికి. మామూలుగా 500 వోల్టులు కొట్టి చూస్తాం."

అల్లుడుగారు డీకోడర్‌ని మెల్లగా తన జేబులో వేసుకుని, "మల్టీమీటర్ సరిపోతుందేమో మావయ్యగారూ, కలిస్తే కుయ్‌మంటుంది" అన్నారు.

నా పెట్టెలోంచి నల్ల టేపు తెచ్చాను. మోటారు కింద రెండు పొరలు, జాయింట్లన్నిటికీ తలో మూడు చుట్లు. ఇంజను పైడొప్ప మూతపడలేదు. కొంచెం తీశాను. పడలేదు. ఇంకొంచెం తీసి, మోకాలితో నొక్కి మూశాను. బండి కదిలింది. మనవడు విజిలేశాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. మోటారు వేడికి టేపు జిగురు కరిగింది, నేను బలంగా నొక్కిన చోట పొర పక్కకి జారింది. మూడో చుట్టులో చుయ్‌మంది. ఇంజను కప్పులోంచి సన్నగా నీలంపొగ లేచింది.

"తాతయ్యా! నిజం ఇంజన్‌లా పొగ కూడా వస్తోంది!" అని మనవడు చప్పట్లు కొట్టాడు. నా ఉద్యోగ జీవితంలో ఎర్త్ ఫాల్ట్‌కి చప్పట్లు రావడం అదే మొదలు.

"ఎంతండీ అది?" మెట్ల మీంచి మా ఆవిడ.

"30 డాలర్లు."

పైన కాసేపు హెచ్చవేత జరిగింది. "వేలెడంత లేదు! రెండున్నర వేలా!"

రెండో డీకోడర్‌కి పౌరుషానికి పోయాను. వేడికి ముడుచుకునే గొట్టాన్ని పలక మొత్తానికి తొడిగి హెయిర్ డ్రయ్యర్ పట్టాను. గొట్టం పాము మింగినట్టు పట్టేసింది. దాని మీద ఇంకో గొట్టం. ఇప్పుడు ఏదీ దేన్నీ తాకదు, బ్రహ్మదేవుడు దిగొచ్చినా షార్ట్ అవదు. బండి పది నిమిషాలు నడిచి సొరంగంలో ఆగిపోయింది. చల్లారాక నడిచింది, మళ్లీ ఆగింది. వేడెక్కితే తనని తాను ఆపుకునే తెలివి ఆ డీకోడర్‌కి ఉంది. నాకే లేదు.

"కాస్త గాలాడాలేమో మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. సరిగ్గా అప్పుడే పైన మా ఆవిడ, హీటర్ తిరుగుతున్న ఇంట్లో, మనవడికి రెండో స్వెట్టర్ మీద మంకీక్యాప్ పెడుతోంది. "ఉక్కపోస్తోంది అమ్మమ్మా" అని వాడి మొర. నేను మాట్లాడకుండా బ్లేడు తీసుకుని గొట్టాలు కోశాను.

అప్పుడు అల్లుడుగారు సొరుగులోంచి ఓ చిన్న చుట్ట తీశారు. పలచగా, తేనెరంగులో మెరుస్తోంది. "క్యాప్టాన్ టేప్ అంటారండీ. డ్యూపాంట్ వాళ్లు 1960ల్లో తెచ్చారు. చంద్రుడి మీద దిగిన అపోలో నౌక ఒంటిమీదా ఇదుంది..."

నేను దాన్ని చేతిలోకి తీసుకుని ఓ నిమిషం మాట్లాడలేకపోయాను. మా షెడ్డులో 750 వోల్టుల ట్రాక్షన్ మోటార్ల కాయిళ్లకి చుట్టి ఉండేది ఈ తేనెరంగు పొరే! 34 ఏళ్లు దాని పక్కనే బతికాను. మిల్లీమీటర్‌లో 40వ వంతు మందం పొర 7 వేల వోల్టుల్ని ఆపుతుంది, మోటారు మంటెక్కినా కరగదు. ఎదురుగా క్యాంటీన్ ఉండగా ఊరంతా టీ కోసం వెతికినవాడిలా అయింది నా పని.

మిగిలిన పని అరగంట. బ్రష్ క్లిప్పు కొనలు కత్తిరించాను. మోటారు కింద ఒక పట్టీ, డీకోడర్ కూర్చునే చోట ఒక పట్టీ. పైభాగం గాలికి వదిలేశాను. టంకం వేసిన ప్రతి జాయింటుకీ విడిగా చిన్న గొట్టం, అదీ పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక. మల్టీమీటర్ ఒక పుల్ల నారింజ తీగకి, రెండోది ఫ్రేమ్‌కి. చప్పుడు లేదు. బూడిద తీగకి. చప్పుడు లేదు. షెడ్డులో మెగ్గర్ ముల్లు అనంతం దాకా పోయినప్పుడు మేమిలాగే ఊపిరి పీల్చుకునేవాళ్లం.

మూడో నంబరు ఇంజను మూడు గంటలు తిరిగింది. పొగ రాలేదని మనవడు అలిగాడు.

తిరిగి బయల్దేరేటప్పుడు అల్లుడుగారు ఆ టేపు చుట్ట ఒకటి బహుమతిగా ఇచ్చారు. విమానంలో మా ఆవిడకి దాని గొప్పతనమంతా చెప్పాను. చంద్రుడు, ట్రాక్షన్ మోటారు, 7 వేల వోల్టులు. అంతా ఓపిగ్గా విని, చుట్టని వెలుతురుకి పెట్టి చూసి అడిగింది:

"వోల్టుల సంగతి సరే, ఆవకాయ నూనెని ఆపుతుందా?"