గడ దిగిన ఇల్లు

చెరుకు కోతలప్పుడు జహీరాబాద్‌లో చెరుకాకుకు కరువుండదు. గోనెసంచుల్లో కుక్కి పైన పాత పట్టా పరిస్తే మా బడి ఆడపిల్లలకు అదే పరుపు. వాల్ట్ బల్ల లేదు. మూలన పడేసిన చెక్కబల్లకే దుప్పట్లు చుట్టి తాడుతో బిగించాను. పీఈటీగా నాకు ఆ చప్పుడంటే ప్రాణం: పరుగు, బల్ల మీద అరచేతుల దెబ్బ, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత కింద ఆకు కరకర.

వారం తిరక్కుండానే నలుగురు తల్లులు వచ్చారు.

"ఏంది మేడం, ఆడపిల్లలకు దొమ్మరాట నేర్పుతున్నరా?"

నాకు రోషం వచ్చింది. "ఎక్కడి దొమ్మరాట, ఎక్కడి జిమ్నాస్టిక్స్!" అని అరుణారెడ్డి సంగతి ఎత్తుకున్నాను. మన హైదరాబాద్ పిల్ల. మొదట కరాటే నేర్చుకుంటుంటే, ఒళ్లు విల్లులా వంగడం చూసి జిమ్నాస్టిక్స్‌కు మళ్లించింది కన్నతండ్రే. 2010లో ఆయన పోయారు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పులో, వాల్ట్‌లో 13.649 పాయింట్లతో కంచు పతకం. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయురాలు. ఆ పతకాన్ని తండ్రి చూడలేకపోయాడనే మాట దగ్గర నా గొంతు పట్టేసింది. తల్లులు మెత్తబడి వెళ్లారు. మా వెనకాల ఓ పిల్ల గోనెసంచులు సర్దుతూనే ఉంది.

అందరిలోకీ బాగా దూకేది ఆ పిల్లే. నేను చెప్పకముందే పిల్లిమొగ్గ వేసేది. దిగితే పాదాలు మేకు కొట్టినట్టు నిలిచేవి. రేపు యూనివర్సిటీ జట్టులో చూడాలని నా ఆశ. అలాంటిది, మర్నాటి నుంచి బడికి రాలేదు. మూడు రోజులు చూసి ఇంటికి వెళ్లాను.

గోడకు వేలాడుతున్న డోలు మీద దుమ్ము. మంచం మీద అవ్వ. గడను పట్టి పట్టి ఆమె కాలి బొటనవేళ్లు రెండూ పక్కకు తిరిగిపోయాయి.

తల్లే మాన్పించిందనుకున్నాను. "ఆపకమ్మా, హైదరాబాద్‌లో కోచ్‌లకు చూపిస్తా" అంటూ అరుణారెడ్డి కథ మళ్లీ మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా విన్నది.

"నేనేడ ఆపిన మేడం? వాళ్లవ్వ గడ మీద ఏసిన మొగ్గలే మీ బల్ల మీద ఏస్తున్నదని మురిసిన. మీరే అన్నరట గద, ఎక్కడి దొమ్మరాట, ఎక్కడి జిమ్నాస్టిక్స్ అని. ఆ పొద్దు సంది బడికి పోనంటున్నది."